పాలమూరు బాటలో క్రిస్మసు కీర్తన

హైదరాబాదు నగరమునుండి దక్షిణాభిముఖముగ మహబూబ్‌నగరనబడు పాలమూరికిని, పాలమూరు గడచి కృష్ణా తుంగభద్రలను దాటి కర్నూలునకును, అటుపై బెంగుళూరునకును సాగిపోవు మార్గమున మొదటి మజిలీ శంషాబాదు. నిజాము కొలువున మహోన్నతపదము ననుభవించిన పైగా ప్రభువుల శంసుల్ ఉమ్రా బిరుదమునుండి ఈ యూరికి పేరు వచ్చినదని చెప్పుదురు. కాచిగూడ–మహబూబ్‌నగర్ రైలుమార్గమునందలి ఉందానగర్ స్టేషనును, అమ్మపల్లి సీతారామచంద్రస్వామి యాలయమును, విరివిగా పండిన ద్రాక్షతోటలును ఒకప్పు డీ ప్రాంతమునకు గుర్తులుగ నుండెడివి. 2008 మార్చి 23న రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయమున రాకపోక లారంభమైనది మొదలు శంషాబాదనగనే లోకమునకు విమానమే స్ఫురించుచున్నది. అయినను ఎడ్లబండ్ల నాటినుండి ఈ బాటను అంటిపెట్టుకొనియున్న చరిత్ర మఱియొకటి గలదు. అది తెలుగు క్రైస్తవుల క్రిస్మసు కీర్తన చరిత్ర. ఆ కీర్తనను తాముగా కట్టి, తాముగా పాడి, పల్లెపల్లెకు మోసికొనిపోయిన వారి చరిత్ర.

డిసెంబరు మాసము ప్రవేశింపగనే ఈ ప్రాంతపు క్రైస్తవవాడలలో ఇంటి చూరులకు కాగితపు నక్షత్రములు వ్రేలాడును. రాత్రివేళల యువకులు, వృద్ధులు, పిల్లలు గుంపుగూడి ఇల్లిల్లు తిరిగి పాటలు పాడుదురు. దూరమున నుండి వినువారికి తాళముల మ్రోతయు, మద్దెల హోరును మాత్రమే చెవిసోకుటచే అది కేవలోత్సాహముగ తోచును. దగ్గఱకు పోయి, చరణములయందు చెవియొగ్గి వినినవారికి ఆ యుత్సాహపు టడుగున సన్నని దైన్యధార యొకటి వినవచ్చును. పుట్టిన శిశువునకు పడక లేదను చింతయు, తల్లి పరదేశమున ప్రసవించెనను జాలియు, మనవంటి నిర్భాగ్యుల గడపకు ఇంతటివా డేల వచ్చెనను విస్మయమును అందు పెనవేసికొని యుండును. ఈ దైన్యమునకు మూలము ఆ పాటలు కట్టినవారి బ్రతుకులోను, వారు నడచిన బాటలోను ఉన్నదని నా దృఢవిశ్వాసము. క్రిస్మసు కథయే బాటసారుల కథ గదా: జనసంఖ్య వ్రాయించుకొనుటకై చక్రవర్తి యాజ్ఞచే నిండుచూలాలితో ఊరు విడిచి పయనమైన వడ్రంగి కథ; సత్రమున చోటు దొరకని రాత్రి కథ. దారి నెఱిగినవారికే ఆ కథ సంపూర్ణముగ అర్థమగును.

తెలుగున క్రైస్తవకీర్తనకు వాగ్గేయకార ప్రతిష్ఠ నిచ్చిన మహనీయుడు పురుషోత్తమ చౌధరి. 1803లో పర్లాకిమిడి ప్రాంతమున బ్రాహ్మణకుటుంబమున జన్మించి, శాస్త్రసంప్రదాయముల నడుమ పెరిగి, 1833లో బాప్తిస్మము పొందెను. అంతటితో పూర్వబంధువుల నడుమ పరాయివాడై, తక్కిన యాయుర్దాయమంతయు కళింగ తీరమున ఊరూర సంచరించుచు బోధించుటకును, పాడుటకును వినియోగించి, 1890లో పరమపదించెను. ‘కులాచార పరీక్ష’ వంటి ఖండనగ్రంథములను వ్రాసిన తార్కికుడే యైనను, ప్రజల నాలుకలపై ఆయనను నిలిపినవి కీర్తనలే. త్యాగరాజస్వామి జీవించియున్న కాలముననే ఈయన సాధన యారంభమైనదని స్మరించినచో, పల్లవి, అనుపల్లవి, చరణములతో నొప్పు ఆ కీర్తనారూపము ఆయనకు ఎరువు తెచ్చుకొన్న వస్తువు గాక ఊపిరివలె సహజమైనదని గ్రహింపనగును. అదేకాలమున తంజావూరున శరభోజి మహారాజుతో సహాధ్యాయియైన వేదనాయక శాస్త్రి, 1774 మొదలు 1864 వఱకు జీవించినవాడు, తమిళమున ఇట్టి కృషియే చేసెను. ఇరువురును పాశ్చాత్యగీతముల తర్జుమాలతో తృప్తినొందక, తమ దేశపు రాగములందు తమ విశ్వాసమును పలికించిరి. రామదాసాదులు భగవంతునితో మొఱపెట్టుకొన్న చనువే, ఆ యార్తియే, చౌధరి కీర్తనలందు క్రీస్తు నుద్దేశించి వినబడును. అందుచే తెలుగు క్రైస్తవ గేయమునకు జన్మముతోడనే ఆర్తస్వర మబ్బినది.

‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ అను సంకలనమును చేతబట్టినచో ఈ సంప్రదాయపు సమగ్రత యెంతటిదో తెలియును. పాట శిరస్సున రాగతాళములను, పాట చివర కర్త నామమును ముద్రించుట అందలి పద్ధతి. శంకరాభరణము, బిలహరి, ఆనందభైరవి, ముఖారి మొదలగు రాగములు ప్రతిపుటయందును గోచరించును. ముఖారి యనగనే శోకరసము మన సంగీతజ్ఞులకు స్ఫురించును. బిలహరి యనగనే ప్రాతఃకాలపు ప్రసన్నత తోచును. క్రీస్తుజన్మమును గూర్చిన కీర్తనలందు తెలుగింటి పాటల తీరులన్నియు చోటు చేసికొన్నవి: పసిబిడ్డను నిద్రపుచ్చు లాలి, తెల్లవారుజామున పాడు మేలుకొలుపు, ప్రశ్నోత్తరములుగ సాగు సంవాదము, ముగింపున మంగళము. లాలిపాట స్వభావమే కొంత బెంగతో గూడినది. తల్లి తన కష్టమును బిడ్డతో చెప్పుకొనుటకు అనువైన పాట అది. రాజాధిరాజును పశువుల తొట్టియందుంచి లాలి పాడవలసివచ్చినప్పుడు ఆ బెంగ ద్విగుణీకృతమగుట సహజము.

ఈ దేశీయధారతో పాటు పాశ్చాత్యధార యొకటియు తెలుగునకు ప్రవహించినది. చార్లెస్ వెస్లీ 1739లో ప్రకటించిన గీతమునకు మెండెల్సన్ స్వరము పందొమ్మిదవ శతాబ్దమున జతపడగా, ఆ జంటయే తెలుగున ‘దూత పాట పాడుడి’ యై ప్రతి సంఘమునను మ్రోగినది. 1818లో ఆస్ట్రియాలోని ఓబెర్న్‌డార్ఫ్ గ్రామమున జోసెఫ్ మోర్ పదములకు ఫ్రాంజ్ గ్రూబర్ కట్టిన బాణీ ‘శుద్ధ రాత్రి’ యై ఇచ్చటి తల్లుల గొంతున లాలిపాటలలో కలిసిపోయినది. ఆదివార మారాధనలో ఆ బాణీలకు స్థానమెట్లున్నను, రాత్రి వాడవాడ తిరుగునప్పుడు జనులు కోరి పాడునవి కీర్తనలే. ఏలయన, ఒకడు ముందు పాడి తక్కినవారు వెంట నందుకొను భజన పద్ధతికి అవియే యనువైనవి, అక్షరము రానివానికిని ఒక్కరాత్రిలో కంఠస్థమగునవి.

ఇక పాలమూరు బాటకు వత్తము. తీరాంధ్రమున వేళ్లూనిన ఈ కీర్తన నిజాము రాష్ట్రమునకు మిషనరీల వెంటను, వారికంటె మిన్నగ తెలుగు బోధకుల వెంటను వచ్చినది. నెల్లూరు, ఒంగోలులలో స్థిరపడిన అమెరికను బాప్తిస్టులు 1879 ప్రాంతమున హనుమకొండయందును, 1885లో ఎల్బర్ట్ చూట్ మూలమున పాలమూరునందును కేంద్రములు నెలకొల్పిరి. 1889లో అబ్రహాం ఫ్రీజెన్ దంపతులు దక్షిణరష్యానుండి వచ్చి నల్గొండయందు కృషి యారంభించిరి, 1899లో ఎన్. ఎన్. హీబర్ట్ అమెరికానుండి హైదరాబాదు చేరెను. ఈ యిరువురును మెన్నొనైట్ బ్రదరెన్ అను శాఖకు చెందినవారు. ఈ శాఖవారి చరిత్ర తరతరముల వలస చరిత్ర: పదునాఱవ శతాబ్దమున హాలండునుండి హింసలకు జడిసి ప్రష్యాకు పోయి, అచ్చటినుండి పదునెనిమిదవ శతాబ్దాంతమున రష్యా పచ్చికబయళ్లకు తరలి, 1874 మొదలు అమెరికా మైదానములకు ఓడలెక్కిన జాతి. రష్యాలో వీరు స్వరములను అంకెలతో గుర్తించి పాడ నేర్చుకొనిరి. 1860లో హైన్రిఖ్ ఫ్రాంజ్ ప్రకటించిన ఆరాధనగీతముల (కోరల్) పుస్తకము అట్టి అంకెలలోనే యున్నది. సరిగమలతో పెరిగిన దేశమునకు అంకెలతో పాడువారు వచ్చిరి. సొంతయూరు అను మాటకు స్థిరమైన అర్థము లేని ఆ ప్రజలు, వెట్టిచాకిరిచే సొంతయూరిలోనే పరాయులైన ఇచ్చటి మాలమాదిగలతో కలిసి క్రిస్మసు పాడుట చరిత్రలో నొక విశేషసమాగమము.

హైదరాబాదునుండి నాగరుకర్నూలు, వనపర్తి, దేవరకొండ, కల్వకుర్తులవఱకు వ్యాపించిన ఈ మిషను 1937లో మహబూబ్‌నగర్, గద్వాల కేంద్రములను సయితము బాప్తిస్టులనుండి స్వీకరించెను. ఈ సమస్తమునకు రాజధానీసమీపమున ద్వారమువంటిది శంషాబాదు. బోధకులను తీర్చిదిద్దు బెతనీ బైబిలు పాఠశాల మిషనరీయైన జె. హెచ్. లోరెంజ్ ప్రభృతుల పర్యవేక్షణమున ఇచ్చటనే నడచినది. తరువాతి కాలమున మెన్నొనైట్ బ్రదరెన్ సెంటినరీ బైబిలు కళాశాలగ వర్ధిల్లుచున్నదియు ఇచ్చటనే. 1932లో ఈ శంషాబాదునందే జన్మించిన పాల్ హీబర్ట్, పిదప ఇచ్చటి పాఠశాలకు అధ్యక్షత వహించి, 1971లో పాలమూరు ప్రాంతపు గ్రామమొకదానిని గూర్చి ‘కొండూరు’ అను మానవశాస్త్ర గ్రంథమును ప్రకటించి జగద్విఖ్యాతుడయ్యెను. బైబిలు పాఠశాలలో బోధకుడు నేర్వవలసినది గ్రంథార్థ మొక్కటియే కాదు. పాట యెత్తుకొనుటయు, తాళము తప్పక నడుపుటయు నేర్వవలెను. పాట రాని బోధకునికి పల్లెలో గుంపు కూడదు. ఇట్లు శంషాబాదు, గుడారము చంకనిడుకొని పాలమూరు బాట పట్టిన ప్రతి బోధకునితో పాటు ఒక కీర్తనల మూటనుకూడ సాగనంపినది. అందు ముద్రితసంకలనములోనివి కొన్ని. ఆ బోధకుడే తన సంఘమునకై ఏ జానపద బాణీకో కూర్చుకొన్నవి కొన్ని.

ఆ పాట నందుకొన్నవా రెవ్వరు? 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతపు వెలంపల్లి వద్ద ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిన ఘట్టము మొదలు తెలుగునాట క్రైస్తవము నాశ్రయించినవారిలో అధికసంఖ్యాకులు అంటరానివారుగ చూడబడిన శ్రమజీవులే. క్షామము వారికి తఱచుగ వచ్చు చుట్టము. మెదకులో మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ పర్యవేక్షణమున, కఱవునాళ్లలో కూలీలకు పనియు గ్రాసమును కల్పించుచు లేచిన మహాదేవాలయము ప్రతిష్ఠితమైనది 1924 డిసెంబరు 25న, క్రిస్మసు నాడే. ఎత్తుగ నిలిచిన ఆ గోపురము ఆకలిగొన్నవారి చేతిపని. అట్టివారికి బేత్లెహేము కథలో ప్రతియంశమును ఇంటికథ. పాలమూరు మెట్టపొలములలో ఎరువునకై రాత్రి మంద కట్టి, గొంగడి కప్పుకొని మంచులో కావలియుండు గొల్లకురుమలను వారు ఏటేట చూచువారే. దేవదూత జననవార్తను మొట్టమొదట గొల్లలకే తెలిపెననగా వారికి వేఱు వ్యాఖ్యాన మక్కఱలేదు. పశువులకొట్టమును ఊడ్చినవారికే ఆ తొట్టి వాసన తెలియును. ఈ వేదన నెఱిగిన మహాకవి జాషువా క్రీస్తు జీవితమును కావ్యముగ తీర్చిన ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది, పల్లెలోని పేరులేని గేయకర్తలు ఆ వేదననే నాలుగు చరణములలో ఇమిడ్చి, ఏ పురస్కారము నాసింపక పాడుకొనిరి.

పాలమూరు బిడ్డలకు వలస మఱియొక విధి. వానలు ముఖము చాటువేయగా, మేస్త్రీల వెంట ఆనకట్టలకు, కాలువలకు, రాజమార్గములకు, నగరభవనములకు మన్నుమోయ దేశము నలుమూలలకు తరలిపోయిన ‘పాలమూరు లేబరు’ గాథ తెలంగాణమున నెఱుగనివారుండరు. పండుగ ఊరిలో, పని పరదేశమున. డేరాలలో పుస్తకము లేకున్నను కంఠమునందున్న కీర్తన వెంటనుండును. ఇది మానవసామాన్యమైన యనుభవము. రెండవ ప్రపంచసంగ్రామమున 1942లో బింగ్ క్రాస్బీ పాడిన ‘వైట్ క్రిస్మస్’ అను గీతము, యూదుడైన ఇర్వింగ్ బెర్లిన్ కట్టినది, ఇల్లు విడిచిన సైనికుల నిట్టూర్పుతో మేళవించి లోకమంతట మ్రోగినది. 1971లో జోని మిచెల్ తన ‘రివర్’ గీతమున క్రిస్మసు వేళ ఏకాంతమును పాడినది. తానే వ్రాసి, తానే స్వరపఱచి, తానే పాడు గాయకులు క్రిస్మసు ఆల్బములందు ఇంటిబెంగను పలికించుట పశ్చిమమున నాటినుండి పరిపాటియైనది. మన యూళ్ల కీర్తనకారులు అంతకు చాలపూర్వమే, ఆల్బమను మాట యెఱుగకయే, ఆ పని చేసిరి.

స్వాతంత్ర్యానంతరము గళము యంత్రముల నాశ్రయించినది. పిఠాపురమున 1914లో జన్మించిన ఆచార్య ఎ. బి. మాసిలామణి బోధకుడుగ, గేయకర్తగ, రేడియో ప్రసంగకర్తగ సుప్రసిద్ధుడు. ఆయన ‘నడిపించు నా నావా’ పాటయందలి పయనపు వేడుకోలు మతభేదము లేక తెలుగువారిని కదలించినది. 1970నుండి సెషెల్స్ దీవులనుండి వినవచ్చిన ఫెబా అను క్రైస్తవ రేడియో, విద్యుద్దీపము లేని పల్లెకుసయితము తెలుగు క్రైస్తవగానమును చేర్చినది. 1978 డిసెంబరులో, సరిగ క్రిస్మసు దినములలో, విజయచందరు క్రీస్తుగ నటించిన ‘కరుణామయుడు’ చలనచిత్రము విడుదలయ్యెను. మోదుకూరి జాన్సన్ రచించి, ఎస్. పి. బాలసుబ్రహ్మణ్యం గానము చేసిన ‘కదిలింది కరుణరథం’ సిలువ మార్గపు శోకగీతమే యైనను క్రిస్మసు పందిళ్లలో మ్రోగక మానలేదు. జన్మోత్సవమున మరణశోకమును పాడుట అసంగతమని తెలుగు క్రైస్తవుడు తలపలేదు. తొట్టిలోని శిశువును చూచునప్పుడే సిలువను స్మరించుట అతని కీర్తన నేర్పిన రసదృష్టి.

పిమ్మట కేసెట్టు వచ్చినది. నగరమున చిన్న స్టూడియోలో ఒక బోధకుడో, ఉపాధ్యాయుడో ఏడాదిపాటు కూర్చుకొన్న పాటలను పాడి నిక్షిప్తము చేయుటయు, డిసెంబరునాటికి ఆ కేసెట్టులు బస్సులలో పల్లెలకు చేరుటయు ఆచారమైనది. కేసెట్టు పోయి సీడీ వచ్చెను. సీడీ పోయి చేతిలోని ఫోనున పాట వెలసెను. కీబోర్డును, గిటారును కంజిరకు తోడైనవి. డప్పువాద్యపు హుషారుతో నాట్యమునకు తగిన గీతములు పెక్కు వచ్చినవి. వాని యుత్సాహమును నేను గౌరవింతును. అయినను ప్రతి ఆల్బమునందును ఒకటిరెండు పాటలు వేగము తగ్గించి, ఒంటరి గొంతుకతో, తొట్టిచెంత నిలిచి పాడినట్లుండును. పండుగ ముగిసిన పిదప జనుల మనస్సున నిలుచునవి అవియే. ముఖారి రాగమున పాడిన తాతలనుండి వచ్చిన వారసత్వము రక్తమునందుండి ఇట్లు పైకివచ్చుచున్నది.

నేటి శంషాబాదున ఈ కథకు నూతనాధ్యాయము నడచుచున్నది. సుమారు 5,500 ఎకరములలో వెలసిన విమానాశ్రయమునకై మామిడిపల్లి, గొల్లపల్లి ప్రాంతపు పొలములు రూపుమాసినవి. అచ్చట కట్టడపు పనికి, పిదప సేవాపనులకు దేశపు నానాప్రాంతముల శ్రామికులు వచ్చిరి. డిసెంబరున గల్ఫు దేశములనుండి సెలవు దొరికి దిగువారు కొందఱు, సెలవు ముగిసి, పండుగకు ముందే విమాన మెక్కవలసివచ్చిన వారు కొందఱు. 2017 అక్టోబరు 10న ఫ్రాన్సిస్ పోపు కేరళీయ సీరో మలబారు సంఘమునకు శంషాబాదు పేరున ఒక ధర్మప్రాంతమును నెలకొల్పి, భారతదేశమున ఆ సంఘపు ఇతర ధర్మప్రాంతములకు వెలియైన భూభాగమెల్ల దాని పరిధియం దుంచెను. దాని తొలి పీఠాధిపతి రాఫెల్ తట్టిల్ 2024లో ఆ సంఘమునకు ప్రధానాచార్యుడయ్యెను. ఆ ధర్మప్రాంతముకూడ ఉద్యోగములకై కేరళము విడిచి దేశమంతట చెదరిన కుటుంబముల నిమిత్తమే ఏర్పడినది. ఇట్లు పాలమూరు కూలీయు, గల్ఫు శ్రామికుడును, మలయాళీ దాదియు ఒకే బాటపై, ఒకే మాసమున, ఇంటిని తలచుకొని పాడుచున్నారు.

ఈ సంపదను కాపాడుకొను బాధ్యతను గూర్చి ఒక్కమాట చెప్పవలెను. పాలమూరు సీమయందే పుట్టిన సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ను ప్రకటించి, రాజుల యుద్ధములకంటె ప్రజల తిండి, బట్ట, ఆట, పాటయే చరిత్రయని మనకు నేర్పిరి. ఆ దృష్టితో చూచినచో పల్లె బోధకులు కట్టిన క్రిస్మసు కీర్తనలు తెలంగాణ సాంఘికచరిత్రకు ప్రథమశ్రేణి యాధారములు. కఱవు, వెట్టి, వలస, అంటరానితనము, వీని నడుమ నిలిచిన ఆశ, అన్నియు వానియందు వ్రాయబడియున్నవి. అవి వ్రాతప్రతులందు కొన్ని, వృద్ధుల కంఠములందు పెక్కును నిలిచియున్నవి. శంషాబాదునందలి బైబిలు విద్యాలయమువంటి సంస్థలు, విశ్వవిద్యాలయముల సంగీత, జానపద శాఖలు కలిసికట్టుగ వానిని సేకరింపవలెను. నేడు ఆల్బము వెలువరించు ప్రతి గాయకుడును తొంటి సంకలనకర్తల పద్ధతినే యనుసరించి, పాట కట్టినవారి నామమును, ఊరిని, రాగతాళములను పాటతో పాటు ప్రకటింపవలెను. పాత బాణీని గ్రహించినచో దాని కర్త నెఱుకపఱుపవలెను. చౌధరి పేరు నూటముప్పదియేండ్లకు పైగా నిలిచినదన్న, పాట క్రింద ఆ పేరు నచ్చొత్తినవారి ధర్మబుద్ధియే కారణము. పాలమూరు బాటలో నడచి పాడిన బోధకులకుకూడ ఆ ధర్మము చెల్లవలసియున్నది.